పాదాల పీట

అరవై దాటిన తర్వాత నాకు నేల మీద కూర్చోవడం నేర్పింది నా భార్య. తాను మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేర్పింది. ఆమె మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది. నా వెన్ను కూడా ఎన్నడూ పెద్దగా వంగింది కాదు, కాకపోతే దానికి కారణం వేరే.

మా ఇంట్లో మగపిల్లలను చిన్నప్పటి నుంచే నిటారుగా కూర్చోబెట్టేవాళ్ళు. మంచాల మండల కేంద్రం దాటి లోపలికి పోతే వచ్చే ఊరు మాది. తాత ఊరి తగవులు తీర్చే కచేరీ గదిలో కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చునేవాడని చెప్పేవాళ్ళు. నాన్నను నేనే చూశాను. ఆ గది పైకప్పు కారుతున్న రోజుల్లో కూడా చినుకులు పడని చోటికి కుర్చీ జరుపుకుని అట్లాగే కూర్చునేవాడు. భూములు ఎట్లా పోయాయో ఇక్కడ రాయను. పోయాయి. గది కూడా పోయింది. వెన్ను మాత్రం నాకు మిగిలింది.

ఇప్పుడు మేమున్నది ఇబ్రహీంపట్నంలో, బస్టాండుకు పోయే రోడ్డు మీద, ఒకరింటి పై అంతస్తులో అద్దెకు. హాలు, పడకగది, వంటగది. హాలుకూ వంటగదికీ మధ్య తలుపు లేదు. నేలంతా నున్నటి తెల్ల టైల్స్. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు ఆ టైల్స్ మెరుపు చూసి నా భార్య సంతోషపడింది.

మా అమ్మాయి కాన్పుకు ఈ ఇంటికే వచ్చింది. అల్లుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, వీలైనప్పుడు వచ్చి పోతాడు. అతని తల్లి, అంటే మా వియ్యపురాలు, బడంగ్‌పేట్‌లో ఉంటుంది. సెలవు అయిపోయాక అమ్మాయి ఆదిబట్ల దగ్గరున్న తన కంపెనీకి మా ఇంటి నుంచే పోయి రావడం మొదలుపెట్టింది. పసిపిల్ల పగలంతా మా దగ్గర. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువైన ఇల్లది. పిల్ల వచ్చాక మాటలకు కరువు లేకుండా పోయింది.

పిల్లకు గట్టిగా కూర్చోవడం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. డైపర్ కట్టిన చోటంతా కంది పొక్కులు లేచాయి. దవాఖానలో డాక్టరమ్మ చూసి, కొన్నాళ్ళు డైపర్ జోలికే పోవద్దని చెప్పింది. డైపర్ తీసేశాక పిల్ల సుఖపడింది. నేల తడిసింది. తెల్ల టైల్స్ మీద ఉచ్చ కనబడదు. ఒక ఉదయం నా భార్య పాల గిన్నె పట్టుకుని హాల్లోకి వస్తూ జారింది. చేతికి గోడ దొరికింది కాబట్టి పడలేదు. గిన్నె పడింది. ఆఫీసుకు చెప్పులు వేసుకుంటున్న అమ్మాయి అంతా చూసింది.

సాయంత్రం వచ్చాక అన్నది.

"బాపూ, అమ్మ మోకాళ్ళే అంతంత మాత్రం. ఇంకోసారి జారి పడితే లేస్తదా? నేను పొల్లను తీస్కొని బడంగ్‌పేట్ పోత. అత్తమ్మ ఎప్పట్నుంచో రమ్మంటుంది."

"మరి నువ్వు?"

"నేను గూడ ఆడికెల్లే ఆఫీసుకు పోత. పొల్ల ఆడుంటే నేనీడ ఎట్లుంట?"

నేను చదువుతున్న పేపరు మడిచాను. "మనింట్ల పిల్లలు ఏడాది నిండకముందే మోరి కాడ కూసునుడు నేర్చుకున్నరు. నువ్వు గూడ గంతే. దీనికెందుకు రాదు? నేను నేర్పిస్త. హాల్ల ఒక్క చుక్క పడదు."

వంటగదిలోంచి నా భార్య నవ్వింది. "ఎవలు, పటేలా? కన్నబిడ్డ ఉచ్చ పోస్తే అంత దూరం జరిగి నన్ను పిలిచినోడివి, నువ్వు నేర్పిస్తవా?"

మామూలప్పుడు ఆమె నన్ను 'ఏమయ్యా' అంటుంది. ఎగతాళి చేయాలనుకున్నప్పుడే, ఊరు మా తాతను పిలిచినట్టు, నేను పటేలునవుతాను.

"ఫోన్ల చూస్తే రెండేండ్లు నిండేదాక ఆగాలె అంటున్నరమ్మా," అన్నది అమ్మాయి.

"ఫోను ఎంతమంది పిల్లల్ని పెంచిందే?" అన్నది మా ఆవిడ. "మెడ నిలవడ్డనాడే మా అత్త నిన్ను కాళ్ళ మీద కూసుండవెట్టింది."

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, చూద్దాం. కానీ అమ్మ ఇంకోసారి జారిందనుకో, నన్ను ఆపొద్దు."

ఆపనన్నాను. మా ఇంట్లో ఒకసారి మాట ఇస్తే తిరిగి తీసుకోవడం లేదు.

మా దిక్కు పిల్లలను కూర్చోబెట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. ఇంట్లో పెద్దావిడ మోరి దగ్గర, అంటే నీళ్ళు పోయే తూము దగ్గర, చిన్న చెక్కపీట వేసుకుని కూర్చుంటుంది. కాళ్ళు ముందుకు చాపి, రెండు పాదాలూ కొద్దిగా ఎడంగా పెడుతుంది. పిల్లను తన వైపు తిప్పి పాదాల మీద కూర్చోబెడుతుంది. ఒక పాదం మీద ఒక తొడ, రెండో పాదం మీద రెండో తొడ. నడుమ సందు. చేతులతో రెక్కలు పట్టుకుంటుంది. ఆ పైన నోటితో మెల్లగా సప్పుడు చేస్తుంది. రాయడానికి ఇంతే. ఇందులో ఎక్కడా మగవాడు లేడు. మా ఇంట్లోనైతే పెద్దవాళ్ళ ముందు తండ్రి తన బిడ్డను ఎత్తుకోవడమే తప్పు.

మరునాడు పొద్దున పిల్ల లేవగానే నా భార్య బాత్రూము గుమ్మం ముందు కుర్చీ వేసుకుంది. నేను పంచె పైకి కట్టి పీట మీద కూర్చున్నాను. కూర్చోవడానికి గోడ, కుళాయి, బకెట్ అంచు అన్నీ పట్టుకోవలసి వచ్చింది.

"జర కాళ్ళు దగ్గరికి వెట్టు. అంతెడం వెడితే పొల్ల నడిమిట్లకెల్లి జారుతది."

పెట్టాను.

"గట్ల కట్టెలెక్క ఎందుకు కూసున్నవ్? ఫోటో దిగుతున్నవా? జర ముందుకు వంగు."

"వంగుత లేదు."

"ఇంకెన్నడు వంగుతది మరి?"

పిల్లను నా పాదాల మీద పెట్టింది. ఆ వెచ్చదనం నాకు కొత్త. పిల్ల నా మొహం చూసి, నా కళ్ళద్దాలు చూసి, నవ్వింది. చేతులు చాచి నా మీసం పట్టుకుంది. పనికి కూర్చున్న విషయం దానికి తెలియదు.

"సప్పుడు చెయ్యి," అన్నది నా భార్య.

"ఏం సప్పుడు?"

"ఏం సప్పుడని అడుగుతుండు సూడు! స్స్స్ అను."

అన్నాను. అది సగంలో ఆగింది. కింద ఇంటివాళ్ళ పెరడు మా బాత్రూము కిటికీకి సరిగ్గా కిందనే ఉంటుంది. ఎవరైనా విన్నారేమోనని మళ్ళీ గొంతు తగ్గించాను. పిల్ల ఒకసారి ఆవలించింది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి దించి తుడిచి హాల్లో వదిలాం. వదిలీ వదలగానే సోఫా పట్టుకుని నిలబడి పోసింది.

చాలా రోజులు ఇదే కథ. పాదాల మీద ఆట, హాల్లో పని. నేను గుడ్డ పట్టుకుని పిల్ల వెంట తిరిగేవాణ్ణి. నా భార్య అడుగు తీసేముందు నేల వైపు, తర్వాత నా వైపు చూసేది. నేను పొడి అంటే కదిలేది. ఇంటి నేల సంగతి నన్నడిగి నడిచే రోజు వస్తుందని నేననుకోలేదు.

అయితే మెల్లగా నాకు పిల్ల మొహం చదవడం వచ్చింది. ఆట మధ్యలో బొమ్మను పట్టుకున్న చేయి ఆగుతుంది. చూపు ఎక్కడో మూల నిలుస్తుంది. కింది పెదవి కొంచెం లోపలికి పోతుంది. అది చూడగానే ఎత్తుకుని పోవాలి. అట్లా ఒక పొద్దున పాలు తాగిన తర్వాత ఎత్తుకుని పోయాను, కూర్చోబెట్టాను, సప్పుడు చేశాను. ఈసారి ఆగకుండా చేశాను. పిల్ల నా కళ్ళలోకి చూస్తూ, ఏదో ఆలోచిస్తున్నట్టు, పోసింది. నా మడమల మీదుగా వెచ్చగా పారి మోరిలోకి పోయింది. "అయింది!" అని నేను కేకేశాను. వంటగదిలోంచి నా భార్య కూడా "అయిందా?" అని కేకేసింది. ఆ కేకలు కింద ఇంటామెకు వినబడ్డాయట. మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆపి అడిగింది:

"అన్నా, రోజు పొద్దుగాల పైన బుసబుస మంటుంది, పాము తిరుగుతుందేమో అనుకున్న. గిదా సంగతి?"

నేను తల వంచకుండా "గిదే" అన్నాను.

తర్వాత అంతా తేలికైంది. సప్పుడు చేస్తే చాలు, పిల్ల పోసేది. అమ్మాయి ఒక సాయంత్రం హాల్లో ఉత్త కాళ్ళతో నడిచి చూసి, "బాపూ, గెలిచినవ్," అన్నది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ నాతో ఆ మాట అనలేదు.

ఆ వారమే వియ్యపురాలు మనవరాలిని చూడడానికి వస్తానన్నది. నేను గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడుక్కుని, పిల్లను ఎత్తుకుని బస్టాండుకు పోయాను. డైపర్ లేదు, పల్చటి చెడ్డీ ఒక్కటే. ఆమె అది గమనించాలని నా కోరిక. బస్సు వచ్చి మా ముందు ఆగింది. ఆగుతూ గాలి బ్రేకు వదిలింది. పొడుగ్గా, స్స్స్స్ అని.

పిల్ల నా మొహంలోకి చూసింది. అదే చూపు. మరుక్షణం నా చొక్కా ఛాతీ నుంచి నడుము దాకా తడిసింది.

బస్సు మెట్లు దిగుతూనే వియ్యపురాలు నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా, గిదేనా నువ్వు ఫోన్ల చెప్పిన నేర్పుడు?"

బస్సు కోసం నిలబడ్డ మా ఊరి మనిషి ఒకడు నన్ను గుర్తుపట్టాడు. "దండం పటేలా! బస్సు గూడ నీ తీర్గనే బుసకొడ్తుందేంది?" అన్నాడు. అతనికి లోపలి సంగతి తెలియదు. పటేళ్ళ కోపాన్ని ఎగతాళి చేస్తూ అన్నాడు. అయినా సరిగ్గా తగిలింది.

అది ఒక్కసారి జరిగిన పొరపాటు అనుకున్నాను. కాదు. ఆ రోజు మధ్యాహ్నం కుక్కర్ ఆవిరి వదిలింది, పిల్ల పోసింది. మరునాడు ఇస్త్రీ చేస్తూ తడి గుడ్డ మీద పెట్టె ఆనిస్తే పోసింది. ఒకసారి రోడ్డు మీద లారీ టైరులో గాలి పోతుంటే కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి పోసింది. నేను పిల్లకు వేళ నేర్పలేదు, చోటు నేర్పలేదు. ఒక సప్పుడు నేర్పాను. అది ఎవరు చేసినా, ఏది చేసినా పిల్ల మాట వినేది.

మరిపించాలని చూశాను. సప్పుడు మానేసి పాదాల మీద కూర్చోబెట్టి "పోద్దామా బంగారం" అన్నాను. చప్పట్లు కొట్టాను. కుళాయి సన్నగా తిప్పాను. పిల్ల నా పెదవుల వైపే చూస్తూ కూర్చునేది. వాటి నుంచి రావలసింది రాకపోతే ఏడ్చేది. కడుపు బిగిసి ఏడుస్తుంటే నాకు చేతకాక మళ్ళీ స్స్స్ అనేవాణ్ణి. దాని మొహం విప్పారేది. ఇంత చిన్న ప్రాణం నా మాట మీద ఇంత నమ్మకం పెట్టుకుంటే, ఆ నమ్మకాన్ని వదిలించడం ఎట్లాగో నాకు తెలియలేదు.

ఇక చేయగలిగింది ఒక్కటే. ఇంట్లో ఆ సప్పుడు పుట్టకుండా చూడడం. ఇస్త్రీ మేడ మీదికి పోయింది. కిటికీ రెక్కలు మూశాం. పిల్ల మేలుకుని ఉన్నంతసేపు కుక్కర్ పెట్టొద్దని, గిన్నెలో వండమని నా భార్యకు చెప్పాను.

"గిన్నెల కందిపప్పు ఎప్పుడుడకాలె? సంకురాత్రికా?" అన్నది. కానీ కొన్నాళ్ళు అట్లాగే వండింది.

ఒక రోజు అమ్మాయి ఆఫీసుకు పోయింది. పిల్ల పడకగదిలో నిద్రపోతోంది. ఎట్లాగూ నిద్రలో ఉంది కదా అని నా భార్య కుక్కర్ పెట్టింది. నేను హాల్లో, పడకగది గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. పిల్ల లేస్తే పట్టుకోవడానికి వీలుగా అక్కడ కూర్చోవడం అప్పటికి అలవాటైంది. పేపరు చదువుతూ కునుకు పట్టింది.

కళ్ళు తెరిచేసరికి పిల్ల నన్ను దాటుకుని, గోడ పట్టుకుని అడుగులు వేస్తూ వంటగది గుమ్మం దాకా పోయింది. అప్పుడే గోడ వదిలి నిలబడింది. అదే మొదటిసారి అది దేన్నీ పట్టుకోకుండా నిలబడడం. వంటగదిలో కుక్కర్ మూత మీది బరువు కింద ఆవిరి సన్నగా కదలడం నాకు వినబడింది. ఇంకా రాలేదు, వస్తుంది. నాకు తెలుసు. లేవాలని చేయి నేలకు ఆనించాను. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి. నా కింద నా కాళ్ళు లేనట్టే ఉన్నాయి.

"బంద్ చెయ్యి! బంద్ చెయ్యి!" అని అరిచాను.

ఆమెకు ఆ మాట సరిగ్గా అందలేదు. భయం మాత్రం అందింది. నేను అట్లా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. పిల్లకేమో అయిందనుకుంది. అప్పుడే కుక్కర్ కూసింది. పిల్ల తల తిప్పి నా వైపు చూసింది, నేనే పిలిచానన్నట్టు, నిలబడ్డ చోటనే పోసింది. నా భార్య గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చి ఆ తడిలో కాలు పెట్టింది.

ఆమె పడడం అంతా నేను కూర్చునే చూశాను.

ఎడమ మణికట్టు విరిగింది. మోకాలు వాచింది కానీ విరగలేదు. కింద ఇంటామె ఆటో పిలిచి దవాఖానకు తోడు వచ్చింది. కట్టు వేయించుకుని వచ్చేసరికి అమ్మాయి ఇంట్లో ఉంది. తల్లికి అన్నం కలిపి తినిపించింది. తర్వాత అల్మారా తెరిచి పిల్ల బట్టలు తీయడం మొదలుపెట్టింది.

"నిన్ననడు లేదు బాపూ," అన్నది నా వైపు చూడకుండా. "అమ్మకు చెయ్యి కుదిరేదాక పనామెను పెట్టిన, పొద్దుమాపు వస్తది. నేను ఆదివారం ఆదివారం వస్త."

"పొల్లను?"

"తెస్త. కానీ దినమంతా నీ మీద వదిలిపోలేను."

మాట ఇచ్చాను కాబట్టి ఆపలేదు. మాట ఇవ్వకపోయినా ఏ మొహంతో ఆపేవాణ్ణి? వాళ్ళ సామాను నేనే కిందికి మోశాను. చెక్కపీట కూడా సంచిలో పెట్టబోతే, "అత్తమ్మ కాడ ఉన్నది బాపూ," అన్నది. మళ్ళీ పైకి తెచ్చుకున్నాను.

తహసీల్ ఆఫీసు ఎదురుగా ఒక చాయ్ హోటలుంది. మా ఊరివాళ్ళు పని మీద వచ్చినప్పుడు అక్కడ కూర్చుంటారు. పాత హద్దులు ఎటు పోయేవో, ఏ బావి ఎవరి వాటాలో ఉండేదో నన్నడుగుతారు. ఆ హోటల్లో ఇప్పటికీ నాకు విడిగా కుర్చీ వేస్తారు. పిల్ల పోయిన కొద్ది రోజులకు నేనక్కడ కూర్చుని ఉండగా వియ్యపురాలి ఫోను వచ్చింది.

"అన్నా, పొద్దున లేసినకాడికెల్లి పొల్ల పోస్తలేదు. కడుపు గట్టిగైంది. కాళ్ళ మీద కూసుండవెడితే నా మూతి దిక్కే సూస్తుంది. నాకు నీ లెక్క పొడుగ్గ అస్తలేదు, ఉస్సంటే కిసకిస నవ్వుతది, మల్ల ఏడుస్తది. కోడలు ఆఫీసుల ఉన్నది. జర నువ్వను."

"ఇప్పుడా చెల్లె?"

"ఇంకెప్పుడన్నా? దవాఖానకు తీస్కపోయినంకనా? స్పీకర్ల వెట్టిన, అను."

లేచి రోడ్డు మీదికి పోయాను. ఫోన్లోంచి పిల్ల ఏడుపు వినబడుతోంది. స్స్స్ అన్నాను. "బండ్ల సప్పుడే అస్తుందన్నా, నీది ఇనవడ్తలేదు. లోపల్కి పో," అన్నది ఆమె.

లోపలికి వచ్చాను. అందరూ చూస్తున్నారు. గోడ వైపు తిరిగి, ఫోను పెదవులకు ఆనించి, మొదలుపెట్టాను. ఊపిరి అయిపోయేదాకా చేశాను. ఊపిరి తీసుకుని మళ్ళీ చేశాను.

"ఏంది పటేలా," అన్నారు వెనక నుంచి ఎవరో, "చాయకు నాలిక కాలిందా?"

ఎవరో నవ్వారు. నేను ఆపలేదు. అవతల ఏడుపు తగ్గింది. తర్వాత నిశ్శబ్దం. తర్వాత పల్చగా, నాకు బాగా తెలిసిన ధార.

"అయిందన్నా! అయింది! నా కాళ్ళ మీదనే పోసింది!" అని వియ్యపురాలు అరిచింది. దాని వెనకే "తా... తా..." అని పిల్ల గొంతు. ఫోను ఎక్కడుందో వెతుకుతున్నట్టుంది.

గోడ నుంచి తిరిగినప్పుడు గానీ నా వీపు ఎంత వంగి ఉందో నాకు తెలియలేదు. కుర్చీలో కూర్చుని చాయ్ పూర్తి చేశాను. హద్దుల సంగతి ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఫోను వచ్చేది. పిల్ల పాలు తాగే వేళకు నేను స్నానం ముగించి, ఫోను ఎదురుగా పెట్టుకుని, పీట మీద కూర్చునేవాణ్ణి. పీట అవసరం లేదు, కానీ దాని మీద కూర్చుంటేనే నాకు సప్పుడు సరిగ్గా వచ్చేది. నా భార్య కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోంచి వినేది. అయిన వార్త వచ్చాక ఇద్దరం టిఫిన్ తినేవాళ్ళం.

ఒక పొద్దున ఫోను రాలేదు. మధ్యాహ్నం దాకా ఆగి నేనే చేశాను.

"నిన్న నీ సప్పుడు ఫోన్ల రికార్డు పట్టిన అన్నా," అన్నది వియ్యపురాలు సంతోషంగా. "మా వాడు బెంగళూరుకెల్లి వచ్చిండు, ఎట్ల పట్టాల్నో నేర్పిండు. నొక్కితే సాలు, నీ లెక్కనే అస్తుంది. పొల్ల మస్తు పోస్తుంది. ఇగ నీకు రోజు తక్లీబ్ లేదు."

"మంచిది చెల్లె," అన్నాను.

మరునాడు కూడా ఆ వేళకు పీట మీద కూర్చున్నాను. చాలాసేపటికి నా భార్య, "లే అయ్యా, కాళ్ళు తిమ్మిరెక్కుతయ్," అన్నది. ఎగతాళిగా అనలేదు.

ఈ మధ్యే ఆమె కట్టు విప్పారు. నిన్న అడిగింది, పప్పు గిన్నెలో ఉడకబెట్టలేక విసిగిపోయానని, ఇక కుక్కర్ పెట్టుకోవచ్చా అని. ఆమె పడ్డ రోజే అల్మారా మీద దాచిన కుక్కర్ బరువును నేనే దించి ఇచ్చాను. ఆమె స్టవ్ దగ్గర నిలబడింది, నేను హాల్లో కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఆవిరి కదిలింది, బరువు ఊగింది, కుక్కర్ పొడుగ్గా కూసింది.

ఇద్దరం ఒకేసారి నేల వైపు చూశాం. పొడిగానే ఉంది.